పట్టేసిన ఆయిలింజను: సుత్తి తీసే ముందు చూడాల్సినవి

కరెంటు మోటార్లు వచ్చాక మన జిల్లాల్లో ఆయిలింజను పాకలో మూలకి చేరింది. తుఫాను కొట్టి స్తంభాలు కూలినప్పుడే మళ్లీ దాని మొహం చూస్తాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రోజుల తరబడి కరెంటు లేకుండా ఉండిపోయింది. అలాంటి రోజున హ్యాండిల్ తగిలిస్తే ఇంజను కదలకపోతే, చేతికి మొదట దొరికేది సుత్తి. తుప్పు కన్నా ఆ సుత్తే ఎక్కువ ఇంజన్లని చంపుతుందని నా అభిప్రాయం.

కింద చెప్పేవన్నీ నీళ్లతో చల్లబడే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజన్ల గురించి. పొలంలో ఉండేవి ఎక్కువగా అవే.

హ్యాండిల్ అసలు కదలడం లేదు

ముందు బెల్టు తీసేయండి, కప్లింగ్ అయితే బోల్టులు విప్పండి. చాలాసార్లు పట్టేసింది ఇంజను కాదు, పంపు. లోపలి ఇంపెల్లర్ తుప్పుపట్టి కేసింగుకి అతుక్కుని ఉంటుంది. చెరకు గానుగకి కట్టిన ఇంజనైతే గానుగ వైపు కూడా ఇలాగే విడదీసి చూడాలి.

తర్వాత డీకంప్రెషన్ లివరు (వాల్వుని తెరిచిపెట్టి సిలిండర్లో గాలి ఒత్తిడి వదిలించే మీట) ఎత్తి తిప్పండి. లివరు ఎత్తితే తిరిగి, దించితే ఆగుతోందంటే సంబరపడండి, అది కంప్రెషన్, రోగం కాదు. లివరు ఎత్తినా రాయిలా ఉంటేనే నిజంగా పట్టేసినట్టు.

కొంచెం తిరిగి, ఒక్కచోట టక్కున ఆగుతోంది

ఇది తుప్పు లక్షణం కాదు. సిలిండర్లో నీళ్లు నిలిచి ఉండొచ్చు, వాల్వు తెరుచుకున్న స్థితిలో ఇరుక్కుని పిస్టన్‌కి అడ్డం పడుతుండొచ్చు, ఎలుక గూడు కూడా ఉండొచ్చు. నీళ్లు నొక్కుకుపోవు. బలంగా తిప్పితే వంగేది కనెక్టింగ్ రాడ్డు. నాజిల్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ముక్క) విప్పి, ఆ కన్నంలోంచి నీళ్లు బయటికి వచ్చేలా మెల్లగా తిప్పండి. పుష్‌రాడ్లు తీసి పక్కన పెట్టండి, ఇరుక్కున్న వాల్వుల వల్ల అవి వంగకుండా ఉంటాయి.

రెండు వైపులా వెంట్రుకవాసి కూడా కదలదు

అసలు కథ ఇక్కడే. సైలెన్సర్లోంచి వాన దిగి, తెరిచున్న వాల్వు మీదుగా లైనర్లోకి, అంటే పిస్టన్ ఆడే గొట్టంలోకి చేరి, పిస్టన్ రింగులు లైనర్‌కి తుప్పుతో అతుక్కుంటాయి. కళింగపట్నం, భావనపాడు, నౌపడ వైపు ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

నాజిల్ కన్నంలోంచి నూనె పోయండి. గేర్ ఆయిల్ లాంటి చిక్కటిది సందులోకి దిగదు. పవర్ స్టీరింగులో పోసే ఎర్రటి ఏటీఎఫ్ సగం, అసిటోన్ సగం బాగా పనిచేస్తుంది. అవి రెండూ కలిసి ఉండవు, పోసే ముందు ప్రతిసారీ గిలక్కొట్టాలి. అసిటోన్ ఆవిరికి బీడీ నిప్పు చాలు, ఆ పాకలో ఎవరినీ కాల్చనీయకండి. అసిటోన్ దొరక్కపోతే ఏటీఎఫ్‌లో డీజిల్ కలిపి పోయండి, కొంచెం ఆలస్యమవుతుంది అంతే. రోజూ మట్టం చూసి దిగినంత మళ్లీ పోయాలి. ఒక్క రాత్రితో అయిపోతుందనుకోకండి, వారాలు పట్టే ఇంజన్లూ ఉన్నాయి.

మధ్యలో వాటర్ జాకెట్‌లో (సిలిండరు చుట్టూ నీళ్లుండే చోటు) వేడినీళ్లు పోసి వదిలేయండి, చల్లారాక తీసేయండి. మొదట గోరువెచ్చగా, తర్వాత వేడి పెంచుతూ. సలసల కాగే నీళ్లు ఒకేసారి చల్లటి పోతఇనుము మీద పోస్తే చీలుతుంది. లోహం సాగి ముడుచుకున్న ప్రతిసారీ నూనె ఇంకొంచెం లోపలికి పాకుతుంది. గ్యాస్ మంట మాత్రం వద్దు.

తర్వాత ఫ్లైవీల్‌కి పొడవాటి కర్ర ఊతం ఇచ్చి ముందుకొకసారి, వెనక్కొకసారి ఊపండి. నూలుపోగంత కదిలినా చాలు, ఇక ఆ ఊపుడే పని చేస్తుంది. ఒక్కవైపే లాగకూడదు. ఫ్లైవీల్ అంచు మీద సమ్మెట వేస్తే పోతఇనుము పగులుతుంది, ట్రాక్టరుకి తాడు కట్టి లాగితే క్రాంకు వంగుతుంది. మా వైపు పాత మేస్త్రీలు “ఏటి బాబూ అంత తొందర, ఓ రెండ్రోజులు ఒగ్గీ” అంటారు. ఆ మాట వినండి.

వదలకపోతే హెడ్డు విప్పాలి. అప్పుడు పిస్టన్ ఎక్కడుందో కనిపిస్తుంది. కొట్టాలంటే ఇనప రాడ్డు కాదు, లైనర్లో వదులుగా పట్టే గట్టి చెక్క దిమ్మ పిస్టన్ మీద పెట్టి దాని మీద కొట్టాలి. పిస్టన్ మరీ పైనో, మరీ కిందో ఉంటే ఆ దెబ్బ క్రాంకుని తిప్పదు, బేరింగుల మీదే పడుతుంది. అప్పుడు కనెక్టింగ్ రాడ్డు విప్పి పిస్టన్‌ని విడిగా తీయడమే దారి. కింది నుంచి పైకి కొడితే పిస్టన్‌తో పాటు లైనరూ లేచి రావచ్చు. అలా లేస్తే లైనర్ కింది రబ్బరు రింగులు మార్చకుండా బిగించకండి, లేకపోతే జాకెట్ నీళ్లు చాంబర్లోకి, అంటే కింద ఆయిలు ఉండే గదిలోకి దిగుతాయి.

వాల్వులు రెండూ మూసుకుని ఉంటే నాజిల్ కన్నానికి అడాప్టర్ పెట్టి గ్రీజుగన్‌తో గ్రీజు ఎక్కించే పద్ధతీ ఉంది. 80 మిల్లీమీటర్ల బోరు పిస్టన్ వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకి 100 కిలోలు నొక్కినా పిస్టన్ మీద 5 టన్నులు పడుతుంది. ఈ పని గాలి కంప్రెసర్‌తో చేయొద్దు. నొక్కుకున్న గాలి వదిలితే పేలుతుంది, గ్రీజు పేలదు.

వరదలో మునిగిన ఇంజను

వంశధార, నాగావళి వరదలో మునిగిందా, హ్యాండిల్ ముట్టుకోకండి. లోపలున్న ఒండ్రు లైనర్‌ని గీసేస్తుంది. చాంబర్ ఆయిలంతా తీసి, డీజిల్‌తో కడిగి, హెడ్డు విప్పి తుడిచాకే తిప్పాలి. నీళ్లు తీశాక ఎంత తొందరగా నూనె పడితే అంత మేలు. చాంబర్ ఆయిలు మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టే, అది వాడకండి.

తిరుగుతోంది, కంప్రెషన్ లేదు

వాల్వు గైడులో ఇరుక్కుని ఉంటుంది, లేదా రింగులు గాడిలో బిగుసుకుని ఉంటాయి. వాల్వుని నూనె పోసి మెల్లగా తడుతూ, తిప్పుతూ వదిలించాలి. రింగులు విరక్కుండా తీయడం ఓపిక పని. విరిగితే కొత్త సెట్టు వేయడమే నయం.

మొదటి స్టార్టు

ఇక్కడ ప్రాణం మీదికి రావచ్చు. నానబెట్టిన నూనె సిలిండర్లో మిగిలితే అది డీజిల్‌లా మండుతుంది. ఫ్యూయల్ పంపు ర్యాక్ (ఎంత డీజిల్ వెళ్లాలో అదుపు చేసే కడ్డీ) తుప్పుతో పూర్తి డీజిల్ వైపు ఇరుక్కుంటే ఇంజను పట్టు తప్పి పరుగెడుతుంది, ఫ్లైవీల్ బద్దలయ్యేదాకా. అందుకే నాజిల్ విప్పి నూనె మొత్తం బయటికి తిప్పేయండి. ర్యాక్ వేలితో నొక్కితే జారాలి. గాలి పీల్చుకునే మూతికి సరిపోయే చెక్క పలక చేతిలో ఉంచుకుని స్టార్టు చేయండి. పరుగు మొదలైతే పలకతో మూసేయండి, అరచేతితో కాదు.

మళ్లీ ఏళ్లకేళ్లు పెట్టాలంటే

ఇంజను వేడెక్కేదాకా నడిపి, వేడిమీదే పాత ఆయిలు తీసేయండి. వాడిన ఆయిల్లో ఆమ్లం ఉంటుంది, అలాగే వదిలేస్తే బేరింగుల్ని తినేస్తుంది. కొత్తది పోసి కాసేపు నడిపి ఆపండి. జాకెట్ నీళ్లు పూర్తిగా తీసేయండి, ట్యాంకూ ఖాళీ చేయండి. నాజిల్ కన్నంలో రెండు చెంచాల ఇంజను ఆయిల్ పోసి, లివరు ఎత్తి నాలుగు చుట్లు తిప్పి, వాల్వులు రెండూ మూసుకునే కంప్రెషన్ దగ్గర ఆపండి. సైలెన్సర్‌కీ, గాలి మూతికీ నూనె గుడ్డ కుక్కి పైన డబ్బా బోర్లించండి.

నెలకోసారి ఐదు నిమిషాలు నడపడం మంచి అలవాటని చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. అంతసేపటికి ఇంజను పూర్తిగా వేడెక్కదు, చెమ్మ లోపలే మిగులుతుంది. నడిపితే బాగా వేడెక్కేదాకా నడపాలి, లేదా ముట్టుకోకూడదు.

చోటు కూడా చూసుకోండి. యూరియా, పొటాష్ బస్తాల పక్కన వద్దు, అవి చెమ్మని లాక్కుంటాయి. పశువుల సాలలో వద్దు, మూత్రం ఆవిరికి ఇత్తడి, రాగి గొట్టాలు పాడవుతాయి. నేల మీద కాకుండా దుంగల మీద నిలబెట్టండి. గోనె కప్పకండి, అది తడి పట్టి ఉంచుతుంది. టార్పాలిన్ కప్పినా కింద గాలి ఆడనివ్వండి.

చివరగా హ్యాండిల్‌కి ఒక రేకు ముక్క కట్టి పెయింటుతో రాయండి: నీళ్లు లేవు, డీజిల్ లేదు, సిలిండర్లో ఆయిల్ ఉంది, సైలెన్సర్లో గుడ్డ ఉంది. ఈసారి తుఫానుకి ఇంజను తీసేది మీరే కానక్కర్లేదు.