గిరిజనుల పట్ల ఊరి వైఖరి రాజకీయాన్ని ఎలా నడుపుతుందో పరిశీలించే విధానం

తిరుపతి, చిత్తూరు జిల్లాలలో ఎన్నికల గురించి మాట్లాడేవారు కులాల లెక్కలను వేళ్ల మీద చెబుతారు గాని, ఆ లెక్కలో యానాదులు, ఎరుకలవారు, సుగాలీలు చివర ‘ఎస్టీలు’ అన్న ఒక్క మాటలో ముగిసిపోతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి చిత్తూరు జిల్లాలో షెడ్యూల్డ్ తెగలవారు సుమారు 3.8 శాతం మాత్రమే. సంఖ్య ఇంత చిన్నదైనప్పుడు వారి ఓటు కన్నా వారి పట్ల మిగిలిన ఊరికి ఉన్న అభిప్రాయమే వారికి దక్కేదాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఆ అభిప్రాయాన్ని ఊహించకుండా అడిగి తెలుసుకోదలచిన విద్యార్థుల కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను.

ముందుగా మాటను సరిచూసుకోండి. శ్రీకాళహస్తి వైపు ఒక ఊరిలో నేను మొదటిసారి ‘గిరిజనుల గురించి మీ అభిప్రాయం ఏమిటి?’ అని అడిగినప్పుడు, అందరూ అరకు, పాడేరు గురించే చెప్పారు. ఆ ఊరి చెరువుకట్ట కింద ఉన్న యానాది కుటుంబాలు ఎవరికీ గుర్తుకు రాలేదు. ఇక్కడి యానాదులు గిరుల మీద లేరు. స్వర్ణముఖి గట్ల వెంట, పులికాట్ ఒడ్డున, తోటల కాపలా గుడిసెలలో ఉన్నారు. అందుచేత ప్రశ్నలో తెగ పేరునే వాడాలి, ఒక్కొక్క తెగ గురించి విడివిడిగా అడగాలి. ఎరుకలవారి మీద అనుమానం ఎక్కువ. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించి, పుట్టుకతోనే వారి మీద వేసిన ముద్ర, ఆ చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయినా మనసులలోంచి పోలేదు. యానాదుల విషయంలో వినిపించేది ఎక్కువగా జాలి: ‘పాపం, అమాయకులు’ అంటారు. జాలిని సానుకూలతగా నమోదు చేయకండి. అమాయకుడని అనుకున్నవాడికి బియ్యం పెట్టే చెయ్యే, పంచాయతీలో కుర్చీ ఇవ్వడానికి వెనకాడుతుంది.

ఆ తరువాత ఆ కుర్చీ ఎక్కడుందో చూడాలి. రాష్ట్రంలోని 175 శాసనసభ స్థానాలలో ఎస్టీలకు కేటాయించినవి 7. వాటిలో ఒక్కటి కూడా ఈ రెండు జిల్లాలలో లేదు. తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీ రిజర్వుడు. గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం ఇక్కడ లేనందున, అలాంటి ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టమూ వర్తించదు. కాబట్టి ఇక్కడ ఎస్టీల ప్రాతినిధ్యానికి హామీ ఉన్న చోట్లు స్థానిక సంస్థలు మాత్రమే. మీ పరిశీలన అక్కడే సాగాలి. ఎస్టీ మహిళ సర్పంచిగా గెలిచిన ఊరికి వెళితే, చెక్కు మీద సంతకం ఎవరిదని కాక, ఆ సంతకం పెట్టమని చెప్పింది ఎవరని అడగండి.

ప్రశ్నలు రాసేటప్పుడు సూత్రాన్ని, నిర్దిష్టమైన కోరికను వేరు చేయడం అన్నిటికన్నా ముఖ్యం. ఆస్ట్రేలియాలో 1967లో, ఆదిమవాసులను జనాభా లెక్కలలో చేర్చి, వారి కోసం చట్టాలు చేసే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చే ప్రతిపాదనకు 90 శాతానికి పైగా ఓటర్లు అవునన్నారు. 2023లో వారికి రాజ్యాంగబద్ధమైన సలహా మండలి ఇస్తామంటే సుమారు 60 శాతం కాదన్నారు. కాదన్న ప్రతివారిలోనూ ద్వేషమే ఉందనడం అన్యాయం, ద్వేషం ఎవరిలోనూ లేదనడం అజ్ఞానం. ద్వేషాన్ని, ఆ కోరిక మీద మాత్రమే ఉన్న అభ్యంతరాన్ని వేరుచేయడానికి ఒక సులభమైన మార్గం ఉంది. ప్రశ్నాపత్రాలను రెండు రకాలుగా తయారుచేసి, ఏది ఎవరికన్నది చీటీ వేసి నిర్ణయించండి. సగం మందిని ‘ఊరి పోరంబోకు భూమిలో పేద కుటుంబాలకు ఇళ్ల స్థలాలు ఇవ్వవచ్చునా?’ అని, మిగిలిన సగం మందిని అదే ప్రశ్న ‘యానాది కుటుంబాలకు’ అన్న మాటతో అడగండి. తగినంత మందిని అడిగిన తరువాత కూడా జవాబులలో తేడా నిలిస్తే, ఆ తేడా భూమి గురించినది కాదు. చివర ఒక ప్రశ్నకు జవాబును వారి మాటల్లోనే రాసుకోండి: ‘శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం రాకముందు అక్కడ ఎవరుండేవారు?’ ఆ దీవి యానాదుల నివాసమని తెలిసినవారు ఎందరో, అడవే కదా అనేవారు ఎందరో గమనించండి.

యానాదుల కాలనీలో మాట్లాడేటప్పుడు తోట యజమాని గాని, రొయ్యల గుంటల మేస్త్రీ గాని పక్కన ఉండకూడదు; ఉంటే ఆ జవాబు అతనిదే అవుతుంది. పగలు పనికి పోతారు కాబట్టి చీకటిపడ్డాక వెళ్లండి. ఓటు ఎవరికి వేశారని అడగవద్దు, ఆధార్ నంబరు రాసుకోవద్దు. పోలింగ్ కేంద్రాల వారీ ఫలితాలు దొరికినా వాటితో జాగ్రత్త అవసరం: ఒకే కేంద్రంలో కాలనీ, పెద్ద ఊరు కలిసి ఓటు వేసినప్పుడు ఆ అంకెల నుంచి యానాదులు ఎటు వేశారో తేల్చడం సాధ్యం కాదు.

రాసినదాన్ని ఊరి పెద్దలకు చూపకముందే కాలనీకి తీసుకెళ్లి, చదవలేనివారి కోసం పైకి చదివి వినిపించండి. ఇరవై ఇళ్ల కాలనీలో ‘వార్డు మెంబరుగా గెలిచిన మహిళ’ అని రాస్తే పేరు రాసినట్టే. ఆమె వద్దంటే ఆ వాక్యాన్ని అక్కడే, ఆమె ఎదుటే కొట్టివేయండి.