గ్రంథాలు భద్రంగా అందాయా? వాదాలను పరిశీలించే పద్ధతి: 4వ పాఠం

గత పాఠం అభ్యాసానికి నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం పాఠకులు జవాబులు పంపారు. బైబిలు, ఖుర్‌ఆన్ భద్రంగా అందాయా అన్న విషయంలో ఎదుటి మతం వారి వాదాన్ని, వారే చదివి "అవును, మేం చెప్పేది ఇదే" అనేలా రాయమన్నాను. చాలామంది వాదం రాయకుండా ఖండన రాశారు. అందుకే ఈ వారం చెప్పవలసిన తేదీల నిర్ణయాన్ని పక్కన పెట్టాను.

"బైబిలు మొత్తం మార్చేశారని ముస్లిములు అంటారు" అని క్రైస్తవ పాఠకులు రాశారు. అలా అనేవారు ఉన్నారు. ముస్లిం పండితులందరి మాటా అది కాదు. అక్షరాలే మారాయని 11వ శతాబ్దపు ముస్లిం పండితుడు ఇబ్న్ హజ్మ్ గట్టిగా వాదించారు. అక్షరాలు అలాగే ఉన్నాయి, అర్థాన్ని వక్రీకరించారని మరికొందరు అన్నారు. ఖుర్‌ఆన్ 2:79 తమ చేతులతో రాసి దేవుడిదని చెప్పేవారిని హెచ్చరిస్తుంది. 5:47 ఇంజీలు (యేసుకు దిగిన గ్రంథం) గలవారిని అందులో అల్లాహ్ దించిన దాని ప్రకారం తీర్పు చెప్పమంటుంది. రెండూ చదవకుండా కలం పట్టకండి.

ముస్లిం పాఠకులేమో "బైబిలులో పొల్లు కూడా మారలేదని క్రైస్తవుల నమ్మకం" అన్నారు. మార్కు సువార్త 16:9–20 సినాయి, వాటికన్ అనే అతి పాత గ్రీకు రాతప్రతుల్లో లేదని లోకానికి చాటింది క్రైస్తవ పండితులే. 1 యోహాను 5:7లోని త్రిత్వ వాక్యాన్ని, గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేసిన పండితుడు ఎరాస్మస్ 1516 ముద్రణలో చేర్చలేదు, 1522లో చేర్చాడు. క్రైస్తవ పండితుల వాదం వేరు: ప్రతులు అనేక దేశాలకు చేరాయి, అన్నిటినీ ఒకరే దిద్దడం సాధ్యం కాదు, పోల్చి చూస్తే మూలపాఠం తేలుతుంది.

ఇక నన్ను బాగా విసిగించే తప్పు: తేడాలు లెక్కపెట్టి తీర్పు చెప్పడం. "కొత్త నిబంధన ప్రతుల్లో లక్షల తేడాలు, కాబట్టి చెడిపోయింది" అని సగం జవాబుల్లో ఉంది. లంక భూమి దస్తావేజుకు ఒకే నకలు ఉంటే తేడాలు సున్నా. కానీ అందులో హద్దు తప్పు పడితే పట్టుకునే దారే లేదు. అరవై నకళ్లుంటే తేడాలు వందల్లో ఉంటాయి, హద్దు మాత్రం తేలుతుంది. గ్రీకు రాతప్రతులు 5,000కు పైగా ఉన్నాయి కనుకే అంకె అంత పెద్దది. అందులో అత్యధికం వర్ణక్రమం, పదాల వరుస. అంకె చెప్పి ఆగిపోయిన జవాబుకు నేను మార్కులు వేయను. ఏ ప్రతిలో, ఏ వచనంలో, అర్థం మారిందా అన్నవి చెప్పాలి.

1854లో ఆగ్రాలో క్రైస్తవ మిషనరీ ఫాండర్, ముస్లిం పండితుడు రహ్మతుల్లాహ్ కైరానవీల వాదం చిక్కుకుంది సరిగ్గా ఇక్కడే. పాఠభేదాలున్నాయని ఫాండర్ ఒప్పుకోగానే గ్రంథం చెడిందని తేలిపోయిందని అవతలి పక్షం అంది. సందేశం చెడలేదని ఆయన అన్నారు. ఎంత తేడా వస్తే చెడినట్లో ఇద్దరూ ముందుగా ఒప్పందానికి రాలేదు.

ఇదే తప్పు ఎదురు దిక్కునా జరుగుతుంది. ఖలీఫా ఉస్మాన్ సుమారు 650లో ఖుర్‌ఆన్‌కు ఒకే పాఠాన్ని స్థిరపరచి మిగతా ప్రతులను కాల్పించారని ముస్లిం సంప్రదాయమే చెబుతుంది. "కాల్చారు, కాబట్టి దాచారు" అని రాసినవారు హాఫిజుల (ఖుర్‌ఆన్ మొత్తం కంఠస్థం చేసినవారి) కంఠస్థ పరంపరను మరిచారు. ముస్లిముల దృష్టిలో ఖుర్‌ఆన్ మొదట పారాయణం, తర్వాతే రాత. అయితే ఆ పరంపరలోనూ హఫ్స్, వర్ష్ వంటి వేర్వేరు పఠన పద్ధతులున్నాయి. 1972లో యెమెన్‌లోని సనాలో బయటపడ్డ ఖుర్‌ఆన్ ప్రతుల్లో, చెరిపేసి మళ్లీ రాసిన ఒక తోలు ప్రతి అడుగు పాఠంలో పదాలు కొన్ని వేరుగా ఉన్నాయి. ఇవి వదిలేసి "తేడాయే లేదు" అనడమూ చదవకపోవడమే.

ప్రతి ఎంత పాతదన్నదానికన్నా ఎన్ని చోట్ల దొరికిందన్నదే నేను ముందు చూస్తాను. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న పాత ఖుర్‌ఆన్ పత్రాల తోలు 568–645 మధ్యదని కార్బన్ పరీక్ష తేల్చింది. అది తోలు వయసు, సిరా వయసు కాదు.

అభ్యాసం: ఉస్మాన్ నిర్ణయం గురించి ఒక పేజీ, మార్కు చివరి 12 వచనాల గురించి ఒక పేజీ రాయండి. మొదటిది మీ ఊరి ఇమాము గారికి, రెండోది పాస్టరు గారికి చదివి వినిపించండి. వారు దిద్దిన కాగితాలే పంపండి. దిద్దుబాటు లేని పేజీని నేను చూడను.