ఉదయగిరి ఎక్కాలంటే ముందు పొర్లుకట్ట మీద నడవండి

ప్రతి చలికాలం మా చుట్టాల పిల్లలు నన్ను అడిగేది ఒకటే, అన్నా ఉదయగిరి కోట ఎక్కుదాం తీసుకెళ్ళు అని. నేను చెప్పేదీ ఒకటే, ముందు నాలుగు వారాలు పొర్లుకట్ట మీద, అంటే పెన్న వరద ఊళ్ళోకి రాకుండా ఒడ్డున వేసిన కట్ట మీద నడవండి, తర్వాత నెల్లూరు దగ్గరుండే నరసింహకొండ, ఉదయగిరి ఆ తర్వాతే. నెల్లూరులో పుట్టి పెరిగినోళ్ళం, మన కాళ్ళకి ఎత్తు అలవాటు లేదు, చుట్టూ వరి మళ్ళు, చెరువులు, సముద్రం, అంతా చదునే కదా. అందుకే మెల్లగా పోవాలి.

పొర్లుకట్టకి రంగనాయకుల గుడి వైపు నుంచి చీకటితోనే బయల్దేరండి. మొదటి వారం నాలుగు కిలోమీటర్లు చాలు, నాలుగో వారానికి పది చేయాలి. కొండకి ఏ బూట్లు వేసుకుంటారో ఇక్కడ కూడా అవే వేసుకోండి, ఏ బ్యాగు తీసుకెళ్తారో అదే తగిలించుకుని అందులో మూడు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి, అప్పుడే మడమ దగ్గర ఒరుసుకుంటుందా, భుజం లాగుతుందా అన్నది ఇంటి దగ్గరే తెలిసిపోద్ది. కాసేపు ఏట్లోకి దిగి ఇసకలో నడిస్తే పిక్కలు బాగా గట్టిపడతాయి, కానీ పెన్న మీద పైనున్న సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తారని తెలిస్తే మాత్రం ఏటి వైపే పోవద్దు. 2021 నవంబర్‌లో పెన్న ఎట్లా వచ్చిందో మనందరం చూశాం, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. వరద తీసినాక కూడా ఇసక తవ్విన గుంతల్లో నీళ్ళు నిలిచుంటాయి, పైకి మోకాలి లోతులా కనపడతాయి కానీ మనిషి మునిగేంత ఉంటాయి, పిల్లల్ని అస్సలు దిగనీయొద్దు.

నరసింహకొండకి పైదాకా రోడ్డుంది, బండి పోద్ది, అయినా బండి కిందే పెట్టి నడిచి ఎక్కండి. పైన వేదగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి, అక్కడ నిలబడి చూస్తే కింద పెన్న, అవతలి ఒడ్డున జొన్నవాడ. తెల్లారే టైముకి పైనుండేట్టు చూసుకోండి, ఏటి మీద పొగమంచు ఇంకా లేవకుండా ఉంటది. ఒకసారి ఎక్కి దిగినాక కొంచెం ఆగి మళ్ళీ ఎక్కండి. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడట్లేదని అందరూ భయపడతారు కానీ మోకాళ్ళు పోయేది దిగేటప్పుడే, కాబట్టి పరిగెత్తొద్దు, చిన్న చిన్న అడుగులు వేస్తూ పాదం మొత్తం ఆనించి, మోకాలు కొద్దిగా వంచి దిగండి. కోతులుంటాయి, చేతిలో కవర్ కనపడితే లాగేసుకుంటాయి, అన్నీ బ్యాగులోనే.

సీజన్ సంగతి చాలామంది పట్టించుకోరు. మనకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తుఫానులూ అప్పుడే, అందుకని డిసెంబర్ సగం దాటినాక ఫిబ్రవరి ఆఖరు వరకే కొండలకి మంచి కాలం. మార్చి వచ్చిందంటే బండలు కాలతాయి.

నాకు ఇది ఉదయగిరి మీదే అర్థమైంది. మార్చి నెల, నేనూ మా బావా చెరొక లీటర్ బాటిల్ పట్టుకుని ఏడున్నరకి ఎక్కడం మొదలుపెట్టాం. పదిన్నరకి నీళ్ళైపోయినై. కోట గోడ నీడన బావ కూర్చుండిపోయాడు, చొక్కా వీపంతా చెమట ఆరి తెల్లగా ఉప్పు గీతలు, పిక్క పట్టుకుంటే రాయిలా బిగుసుకుపోయింది, చెయ్యేస్తే కేకపెట్టాడు. మేకలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన తన క్యాన్‌లో మజ్జిగ పోసి, కొంచెం కొంచెం తాగు నాయనా, గటగటా తాగొద్దు అని పక్కనే కూర్చున్నాడు. అరగంటకి పిక్క సడలింది, కానీ దిగేసరికి మధ్యాహ్నం రెండైంది. ఆ మనిషి రాకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తది.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. మనిషికి మూడు లీటర్లు, అందులో ఒక లీటర్‌లో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపేయాలి. తినడానికి చిమ్మిలుండలు, దోసకాయ, పెరుగన్నం. ఐదున్నరకల్లా కొండ కింద ఉండాలి, టార్చ్ ఉండాలి, తొమ్మిదిన్నర అయిందంటే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, ఇంకో పది నిమిషాల్లో పైకి పోతాం అనిపించినా సరే. ఎవరైనా చెమట ఆగిపోయి, తిక్కతిక్కగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ, నీడకి తీసుకెళ్ళి బట్టలు వదులు చేసి ఒళ్ళంతా తడిగుడ్డతో తుడుస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

ఉదయగిరి కొండ ఎత్తు సముద్రమట్టం నుంచి 3,079 అడుగులు. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ కోటని పట్టుకోడానికి శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా కింద కాచుక్కూర్చున్నాడు, 1514లో గానీ చేతికి రాలేదు. ఎక్కుతుంటే ఎందుకో మీకే తెలుస్తది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. కిందకొచ్చాక ఊళ్ళో చెక్క స్పూన్లు, గరిటెలు చేసేవాళ్ళ దగ్గర ఒకటి రెండు కొనుక్కోండి, చేత్తో చెక్కినవి, మా ఇంట్లో పప్పు గరిటె అదే.

రాపూరు దగ్గరుండే పెంచలకోన వేరే రకం. గుడి దాకా మామూలే, గుడి దాటి జలపాతం వైపు పోతే అది అభయారణ్యం, ఎర్రచందనం ఉండే వెలిగొండ అడవి. ఫారెస్టోళ్ళని అడక్కుండా లోపలికి పోవద్దు, బ్యాగులో కత్తి గొడ్డలి లాంటివి పెట్టుకోవద్దు, అక్కడ చెకింగ్ ఊరికే పెట్టలేదు. రాళ్ళకి పెద్ద తేనెపట్లు ఉంటాయి, సెంటు కొట్టుకుని రావడం, పొగ పెట్టడం, రాయి విసరడం ఏదీ చేయొద్దు.

రాళ్ళ సందుల్లో చేయి పెట్టొద్దు, గడ్డిలో కర్ర తట్టుకుంటూ నడవండి, రక్తపింజర ఎండుటాకుల్లో పడుకుంటే పక్కన నిలబడినా కనపడదు. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం, మూడూ ప్రమాదమే. మనిషిని నడిపించకుండా, కాలు విరిగితే ఎట్లా కర్ర పెట్టి కడతామో అట్లా కదలకుండా చేసి, ఎన్ని గంటలకి కరిచిందో గుర్తుపెట్టుకుని ఆస్పత్రికి మోసుకెళ్ళాలి.

కనిగిరి వైపు పోయేవాళ్ళకి సీఎస్ పురం దగ్గర భైరవకోన ఉంది, కొండని తొలిచి కట్టిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. నడక తక్కువే, ఇంట్లో పెద్దవాళ్ళని కూడా తీసుకెళ్ళొచ్చు. వానలు పడినాక పోతేనే నీళ్ళుంటాయి, అప్పుడే బండలకి పాచి పడతది, అందుకని తడి బండ మీద కాలు పెట్టే ముందు కర్రతో గీకి చూడండి, పచ్చగా ఊడొస్తే పక్క నుంచి చుట్టు తిరిగి పొండి.