ల్యాబ్ సైంటిస్ట్ కావాలంటే ఇంటర్ తర్వాత ఏం చదవాలి?

విజయవాడ సూర్యారావుపేటకు వెళ్లినా, గుంటూరు కొత్తపేటకు వెళ్లినా డాక్టరు ముందుగా రాసేది రక్త పరీక్షే. రిపోర్టులో అంకె తప్పితే వైద్యమే తప్పుదారి పడుతుంది. ఈ చదువును 'ఎంబీబీఎస్ రాలేదు కాబట్టి' అని తీసుకోవద్దు, ఇష్టపడి తీసుకోండి.

మొదటి మెట్టు ఇంటర్‌లో బైపీసీ. ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చదివినవాళ్లు డిగ్రీకి వెళ్లాలనుకుంటే బ్రిడ్జి కోర్సు (బైపీసీ సబ్జెక్టుల అదనపు కోర్సు) పరీక్షలు కూడా రాసి ఉంచుకోవాలి.

రెండోది డిప్లొమానా, డిగ్రీనా అన్న నిర్ణయం. ఎంఎల్‌టీలో డిప్లొమా, అంటే డీఎంఎల్‌టీ, రెండేళ్లలో అయిపోతుంది, త్వరగా జీతం మొదలవుతుంది. కేంద్రం 2021లో తెచ్చిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం మాత్రం రెండింటినీ ఒకే గాటన కట్టలేదు. టెక్నీషియన్, టెక్నాలజిస్టు స్థాయికి కనీసం 2,000 గంటల చదువు చాలు. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల డిగ్రీ ఉండాలి. ఇంట్లో వెసులుబాటు ఉంటే నేను డిగ్రీకే ఓటేస్తాను. ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. ఊదా రంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా పొటాషియంతో కూడిన ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. సీరమ్ ట్యూబులో రక్తం తక్కువైందని ఊదా ట్యూబులోది కాస్త అందులో పోశారనుకోండి. రిపోర్టులో పొటాషియం ఒక్కసారిగా పెరుగుతుంది, కాల్షియం పడిపోతుంది. మెషీన్‌కు ఇదేం తెలియదు, అంకె ఇచ్చేస్తుంది. 'ఈ రెండూ ఇలా కలిసి ఎందుకు వచ్చాయి?' అని ఆగి, శాంపిల్ మళ్లీ తీయించే మనిషి కావాలి. బయోకెమిస్ట్రీని లోతుగా చదివితేనే ఆ అనుమానం వస్తుంది.

డిగ్రీ అనగానే ఏదో ఒక బీఎస్సీ అనుకోవద్దు. చాలామంది పొరబడేది ఇక్కడే. బీఎస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ మంచి చదువులే, కానీ అవి బీఎస్సీ ఎంఎల్‌టీతో సమానం కావు. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు ఎంఎల్‌టీ అర్హతతో పాటు రాష్ట్ర పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ కూడా అడుగుతారు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు హోర్డింగులు చూసి నిర్ణయించుకోవద్దు. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986 నుంచి ఉంది. మీరు చూసిన కాలేజీకి, మీరు చేరే కోర్సుకు దాని గుర్తింపు ఉందో లేదో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. తర్వాత స్వయంగా వెళ్లి సీనియర్లను పక్కకు పిలిచి అడగండి: పోస్టింగులు ఏ ఆసుపత్రిలో? బ్లడ్ బ్యాంకులో క్రాస్ మ్యాచింగ్ (దాత రక్తం రోగికి సరిపోతుందో చూసే పరీక్ష) మీ చేత చేయిస్తారా? కల్చర్ ప్లేట్లు (శాంపిల్‌లోని సూక్ష్మజీవులను పెంచే ప్లేట్లు) మీరే వేస్తారా, దూరం నుంచి చూపిస్తారా? ఈ జవాబులు ఫీజు వివరాల కన్నా ఎక్కువ చెబుతాయి.

కోర్సు, ఇంటర్న్‌షిప్ అయ్యాక రిజిస్ట్రేషన్ ఆలస్యం చేయవద్దు.

అమెరికా ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ ల్యాబ్ సైంటిస్టుకు బ్యాచిలర్ డిగ్రీ, ఏఎస్‌సీపీ (అమెరికన్ సొసైటీ ఫర్ క్లినికల్ పాథాలజీ) లాంటి సంస్థ సర్టిఫికేషన్ అడుగుతారు. కాలిఫోర్నియాలో రాష్ట్ర లైసెన్సు కూడా ఉండాలి. దాని శిక్షణకు కెమిస్ట్రీలో 16, బయాలజీలో 18, ఫిజిక్స్‌లో 3 సెమిస్టర్ యూనిట్లు (చదివిన గంటలను బట్టి లెక్కేసే అక్కడి క్రెడిట్లు) చదివినట్టు చూపించాలి. మార్కుల మెమోలో సబ్జెక్టు పేరే ఉంటుంది, గంటలు ఉండవు. అందుకే మొదటి ఏడాది నుంచే ప్రతి సబ్జెక్టు సిలబస్ కాపీ, ప్రాక్టికల్ గంటల లెక్క కాలేజీ ముద్రతో తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.