ముగ్గుపిండితో కాలనీ బలాల పటం

బెంగళూరు వీధులూడ్చే పౌరకార్మికుల్లో (నగరపాలిక పారిశుద్ధ్య కార్మికుల్లో) చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ల కాలనీలో ఆరోగ్య సర్వే అంటే నడుం నొప్పి, దగ్గు, అప్పు, తాగుడు అని రాసుకుని వెళ్లిపోవడమే. అవన్నీ వాళ్లకు తెలిసినవే. మీరు సర్వేకు వెళితే, దేని ఆసరాతో నెట్టుకొస్తున్నారో వాళ్ల చేతే పటంగా గీయించండి.

పని తెల్లవారుజామునే మొదలవుతుంది. కాబట్టి మధ్యాహ్నం తిని, కాస్త నడుం వాల్చాక పిలవండి. నీళ్లొచ్చే రోజు వద్దు. 8 నుంచి 12 మంది, గంటన్నర. ఆడవాళ్లకు విడిగా. వాళ్ల చేత పని చేయించే మేస్త్రీ పక్కనుంటే ఎవరూ నోరు మెదపరు.

తెలుగులో అచ్చేసిన సమ్మతి పత్రం చాలదు. ఇంట్లో తెలుగైనా బడికెళ్లిన పిల్లలు చాలామంది చదివేది కన్నడం. బిగ్గరగా చదివి వినిపించండి. చదవలేనివాళ్లకు సర్వే బృందంతో సంబంధం లేని సాక్షి ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతాయి. ఫొటోలకు వేరుగా అడగాలి.

కాగితం, పెన్ను ఇస్తే చదువుకున్న ఒక్కరి చేతిలోకే పోతాయి. అందుకే నేల, ముగ్గుపిండి. ముందు వీధులు, కుళాయి, గుడి, అంగన్‌వాడీ గీస్తారు. అప్పుడు అడగండి: రాత్రి బిడ్డకు జ్వరమొస్తే మొదట ఎవరి తలుపు కొడతారు? ఆసుపత్రిలో మీ తరఫున కన్నడంలో మాట్లాడేదెవరు? చీటీ ఎవరి దగ్గర నడుస్తోంది? ప్రతి జవాబుకూ ఆ ఇంటి మీద ఒక రాయి పెట్టించండి. "మీ బలాలేమిటి?" అని మాత్రం అడగకండి, మీకు నచ్చేదే చెబుతారు.

తర్వాత తలా 10 చింతపిక్కలు. తమను ఎక్కువ ఆదుకున్నచోట ఎక్కువ వేయాలి. పెద్దావిడ ఎక్కడ వేసిందో చూసి మిగతావాళ్లూ అక్కడే వేస్తారు. అందుకే రాయి పెట్టిన ప్రతిచోటా ఒక స్టీలు చెంబు పెట్టి, ఒక్కొక్కరినే రమ్మనండి.

ముగ్గు చెరిగేలోపు చార్టు మీదికి ఎక్కించండి. అసలు చార్టు ఆ కాలనీలోనే ఉండాలి. బయటికి తీసుకెళ్లే ప్రతిలో చీటీ నడిపే ఇల్లు గుర్తించకండి, డబ్బున్న చోటు నలుగురికీ తెలియకూడదు.

ఈ పద్ధతిలో అసలు ప్రమాదం ఒకటుంది. "వాళ్లే చూసుకుంటున్నారుగా" అని అధికారులు చేతులు దులుపుకోవడానికి ఇదే పటం పనికొస్తుంది. అందుకే చివర్లో రెండు వరుసలు రాయించండి: మేం చేసుకోగలిగేవి, నగరపాలిక చేయాల్సినవి. గ్లౌజులు, బూట్లు, పనిచోట మరుగుదొడ్డి రెండో వరుసలోకే వస్తాయి. రెండు వారాల్లో నివేదిక చిత్తుప్రతి అక్కడే చదివి వినిపించి, తీసేయమన్నది తీసేయండి.