గిటార్ పాఠం 4: జీ సెవెంత్ నుంచి సీ కి

పోయిన పాఠంలో జీ, సీ, డీ కార్డ్‌లు కుదిరాయి కదా. జీ పట్టుకోండి: ఆరో స్ట్రింగ్ మూడో ఫ్రెట్‌లో ఉంగరం వేలు, ఐదో స్ట్రింగ్ రెండో ఫ్రెట్‌లో మధ్య వేలు, అన్నిటికంటే సన్నదైన ఒకటో స్ట్రింగ్ మూడో ఫ్రెట్‌లో చిటికెన వేలు. ఈ చిటికెన వేలి కింద ఉన్నది పై స్థాయి జీ, దాన్ని షడ్జమం (స) అనుకోండి.

ఇప్పుడు చిటికెన వేలు ఎత్తేసి, అదే స్ట్రింగ్‌పై రెండో ఫ్రెట్‌ని చూపుడు వేలితో నొక్కి మీటండి. అది ఎఫ్ షార్ప్, కాకలి నిషాదం (పై ని), కార్డ్ జీ మేజర్ సెవెంత్. నిషాదం ఏడో స్వరం కాబట్టే సెవెంత్ అంటారు. ఇంకో ఫ్రెట్ వెనక్కి జరిగితే ఎఫ్, కైశికి నిషాదం (కింది ని), అదే జీ సెవెంత్. శంకరాభరణం, హరికాంభోజి రాగాలకి తేడా ఈ ఒక్క నిషాదమే కాబట్టి కాస్త సంగీతం నేర్చుకున్నవాళ్లకి చెవి వెంటనే పట్టేస్తుంది. చార్ట్‌లో చుక్కలు చూసి సెవెంత్‌లన్నీ బట్టీ పట్టడం నాకు నచ్చదు, ముందు ఈ మూడూ మార్చి మార్చి వినండి.

జీ సెవెంత్ వాయించి ఆపేస్తే ఏదో మిగిలిపోయినట్టు ఉంటుంది, అది సీ ని అడుగుతోంది. ఎందుకంటే అందులోని ఎఫ్ ఒక్క ఫ్రెట్ దిగితే 'ఈ', బీ ఒక్క ఫ్రెట్ ఎక్కితే సీ, రెండూ సీ కార్డ్ స్వరాలే. చూపుడు వేలిని మొదటి ఫ్రెట్‌లోనే ఒకటో స్ట్రింగ్ నుంచి రెండో స్ట్రింగ్‌కి జరపండి, ఆ దిగడం, ఎక్కడం రెండూ ఒకేసారి అయిపోతాయి! మిగతా రెండు వేళ్లూ తమ ఫ్రెట్‌లు వదలకుండా ఒక్కో స్ట్రింగ్ కిందికి వస్తాయి. సీ లో ఆరో స్ట్రింగ్ మీటకండి.

ఒంగోలు, కావలి చర్చిల్లో పాటలకి గిటార్ పట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది తప్పకుండా వాడి చూడండి: సీ స్కేల్ పాటలో చరణం అయిపోయి పల్లవిలో సీ అందుకునే ముందు జీ ఉంటే, దాని చివరి రెండు బీట్లు జీ సెవెంత్ చేయండి, పాడేవాళ్లకి పల్లవి ఎత్తుకోవడం తేలికవుతుంది.

సీ సెవెంత్‌కి సీ పట్టుకుని మూడో స్ట్రింగ్ మూడో ఫ్రెట్‌లో చిటికెన వేలు పెడితే చాలు. ఇక్కడ సీ ని షడ్జమం అనుకుంటే పంచమం పోతుంది, ఫర్వాలేదు, గాంధారం, నిషాదం ఉన్నాయి.

మైపాడు, కొత్తపట్నం వైపు వాళ్లు వాయించాక స్ట్రింగ్స్ పొడిగుడ్డతో తుడవండి. ఉప్పుగాలికి తుప్పు పడితే ఒకటో స్ట్రింగ్ మొద్దుబారి ఈ నిషాదాల తేడా సరిగ్గా వినపడదు.

వచ్చే పాఠం ఏ మైనర్ సెవెంత్. ఈలోగా జీ, జీ సెవెంత్, సీ వరుసని చేతివైపు చూడకుండా మార్చగలగాలి, నెమ్మదిగానైనా సరే, తాళం మాత్రం తప్పకూడదు.