జీడి ఫ్యాక్టరీలో ఫ్యాన్‌లెస్ సర్వర్ మధ్యాహ్నాలు రీస్టార్ట్ అవుతుంటే

పలాసలో జీడిపప్పు డ్రయ్యర్ల ఉష్ణోగ్రతలు రికార్డు చేసే చిన్న ఫ్యాన్‌లెస్ (లోపల ఫ్యాన్ లేని) సర్వర్ బాక్సు. మధ్యాహ్నానికి నెమ్మదించి, తర్వాత రీస్టార్ట్. సీపీయూ 97 డిగ్రీలు చూపిస్తోంది. వీటికి రెక్కలున్న బాడీయే హీట్‌సింక్, అంటే లోపలి వేడిని బయటికి వదిలేది అదే. అలాంటిదాన్ని రెక్కలు అడ్డంగా, వాటి మధ్య వేడి గాలి పైకి లేవలేని విధంగా, అదీ డ్రయ్యర్ గోడకే బిగించారు!

రెక్కల సందుల్లో నూనె పొగ, దుమ్ము కలిసి జిగురులా పట్టేశాయి. బ్లోయర్‌కి లొంగదు. కరెంటు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో తోమాను. లోపల చిప్ వేడిని మూతకి చేరవేసే మెత్తని థర్మల్ ప్యాడ్ గట్టిపడి చిట్లింది. పాతదాని మందమే, 1 మి.మీ.ది వేశాను. పల్చనిదైతే మూతకి ఆనదు, మందమైతే బోర్డు వంగుతుంది.

రెక్కలు నిలువుగా, పైనా కిందా 10 సెం.మీ. ఖాళీ వదిలి, వేరే గోడకి మార్చాను. ఇప్పుడు ఫుల్ లోడ్‌లోనూ 71 దాటట్లేదు.

అడాప్టర్ పిన్ను కూడా వదులే. ఇన్‌పుట్ 9–36 వోల్టుల మోడల్ కాబట్టి, 24 వోల్టుల డిన్ రైల్ సప్లై (ప్యానెల్‌లోని లోహపు పట్టీకి బిగించే పవర్ సప్లై) నుంచి స్క్రూ టెర్మినల్‌కి వైరు లాగాను.